మూడు మెట్లు, ఒక గడప

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ,

గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు: ఎవరూ తొయ్యకుండా తనంతట తాను కదిలిన వస్తువును నువ్వీ భూమ్మీద ఎప్పుడైనా చూశావా?

చూసి ఉండవు. ఇవాళ మందిరంలో ఇదే ప్రశ్న అడిగాను. పిడుగు చిన్నప్పటి గోళీల డబ్బా నీకు గుర్తుందిగా? అందులోంచి ఎర్ర గోళీ ఒకటి తీసి, బల్ల మీద పరిచిన గుడ్డ మీద దొర్లించాను. జానెడు పోయింది, ఆగింది. "చూశారా! తోసిన చెయ్యి తీసేశాను, ఆగిపోయింది! ఆగడం వస్తువు గుణం! పైవాడు పూటపూటా తొయ్యకపోతే మనిషీ అంతే, రాయీ అంతే!" అని అరిచాను. కిటికీ రెక్కలు అదిరాయి. ఆరు రోజులు ఐసు దిమ్మలు తోసిన గొంతు కదా, ఏడో రోజుకి పదును మీద ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. నీ మేనకోడలు పిడుగుకి పెళ్ళి కుదిరింది! ఇంకా మూడు నెలలుంది. అబ్బాయి వడ్రంగి. తక్కువ మాట్లాడతాడు. మన పిడుగు వాడి వాటా కూడా మాట్లాడుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. పెళ్ళి మన మందిరంలోనే. ఇన్నేళ్ళలో నువ్వు మందిరం వైపే రాలేదు. మూడు మెట్లెక్కితే తలుపు. పాత గోదాముది, ఏనుగంత బరువు. ఇద్దరు తోస్తేగాని తెరుచుకోదు. కావాలనే పెట్టించాను. ద్వారం ఇరుకని, దారి కష్టమని వాక్యమే చెబుతోంది కదా. ఆ తలుపు తోసి వచ్చినవాడి భక్తికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నిన్ను చూసి మూడేళ్ళయింది. నేనొస్తానంటే పనుందంటావు, నిన్ను రమ్మంటే పనుందంటావు. ఈసారి కుదరదు. పిడుగు తెగేసి చెప్పింది: "సైకిలు తొక్కడం నేర్పింది అత్త. నన్ను వెనకనుంచి పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేసింది అత్త. అత్త లేకుండా నేనా తలుపు దాటను."

జవాబు వెంటనే రాయి.

నీ అన్నయ్య

*

చక్రాల షెడ్డు,
శుక్రవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే షెడ్డులో రేకులు అదిరాయి. కాగితం మీద కూడా అరవడం నీకే చెల్లు.

పెళ్ళి మాటకి కళ్ళు తుడుచుకుని, గ్రీజు చేతులని మర్చిపోయి, మొహమంతా నల్లగా చేసుకున్నాను. ఆస్పత్రి సరుకులు తోలే వ్యాను డ్రైవరు చూసి, "ఏంటక్కా, ఇవాళ ఇంజనులో దూరావా?" అన్నాడు. వదినకి చెప్పు, సంతోషంలో కూడా ఏడుపొచ్చే వంశమని.

ఇక నీ గోళీ సంగతి. చక్రాలు బాగుచేసుకుని బతికేదాన్ని, తప్పు కనిపిస్తే ఊరుకోలేను. ఆగడం గోళీ గుణం కాదన్నయ్యా. గోళీ ఆగలేదు, గుడ్డ ఆపింది. గుడ్డ నూలు గోళీని పట్టుకుని రాపిడి పెట్టింది. అదే గోళీని గుడ్డ తీసేసి బల్ల మీద దొర్లించు, బారెడు పోతుంది. అద్దం మీద దొర్లిస్తే ఇంకా పోతుంది. పట్టుకునేది ఏమీ లేకపోతే పోతూనే ఉంటుంది. కదిలేదాన్ని ఆపాలన్నా బలం కావాలి, ఆగినదాన్ని కదపాలన్నా బలం కావాలి. నా పనంతా అదే. ఆస్పత్రి స్ట్రెచర్లు, పళ్ళబండ్లు, పసిపిల్లల బండ్లు, ఏది తెచ్చినా "చక్రం పోయింది" అంటారు. చక్రం పోదు. చక్రాన్ని ఏదో పట్టుకుని ఉంటుంది. వెంట్రుకో, దారమో, ఎండిపోయిన గ్రీజో. అది తీసేస్తే చాలు.

ఇరవై రెండేళ్ళు ఐసు దిమ్మలు తోసినవాడివి, నీకు నేను చెప్పాలా? దిమ్మ తనంతట తాను ఆగుతుందా?

అంత బరువు తలుపుకి పిడి ఎక్కడుంది? తలుపు తిరిగే బందు దగ్గరా, అటు చివరా? మెట్లు ఎంతెంత ఎత్తు?

పెళ్ళికి రావడం కష్టం. మోకాళ్ళు సహకరించడం లేదు. పిడుగుకి నేను వేరే ఉత్తరం రాస్తాను, కోప్పడకు.

నీ చెల్లి

*

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి,
ఆదివారం

చెల్లీ,

నీ ఉత్తరం మొదటిసారి చదివి చించేద్దామనుకున్నాను. రెండోసారి చదివి మడిచి వాక్యపు పుస్తకంలో పెట్టాను. మూడోసారి చదివి ఫ్యాక్టరీకి వెళ్ళాను.

దిమ్మ ఒకటి గోనె మీద పెట్టి తోశాను. అడుగు కదిలి మొరాయించింది. పొడి చెక్క మీద తోశాను. నాలుగడుగులు. తడి చెక్కల మీద తోశాను. చెల్లీ, ఏం చెప్పను! ఆ చివర ఎవరూ లేరన్న సంగతి తోశాక గుర్తొచ్చింది. దిమ్మ జారుకుంటూ పోయి, మేస్త్రీ అన్నం తింటున్న బెంచీని గుద్దింది. క్యారియర్ నాలుగు గిన్నెలూ నాలుగు దిక్కులకి పోయాయి. "ఏమయ్యా బోధకుడా! ప్రసంగం నోటితో చెయ్యవయ్యా, నా పప్పుతో కాదు!" అని అరిచాడు.

నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. ఇరవై రెండేళ్ళుగా రోజుకి వందసార్లు నేను అరిచే మాట ఏమిటి? "అటు పక్క ఆపండి!" దిమ్మ ఆగదని నా చేతులకి తెలుసు, నా గొంతుకి తెలుసు. ఆదివారం మాత్రం కడిగిన చొక్కా వేసుకుని, ఆగడం వస్తువు గుణమని చెబుతున్నాను! చేతులకి తెలిసింది నోటికి తెలియకపోవడం కంటే గుడ్డితనం ఇంకొకటుందా?

ఇవాళ పీఠం మీద నిలబడి ఒప్పుకున్నాను. "పోయిన నెల నేను చెప్పింది తప్పు. నా చెల్లెలు దిద్దింది" అన్నాను. తర్వాత నవ్వు. నా మందిరంలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో. నవ్విన గొంతులు పదకొండు. నీకు రాయలేదు గానీ ఇప్పుడు మాకు వచ్చేది పదకొండు మందే. ఒకప్పుడు డెబ్బై.

పన్నెండో నవ్వు బయటినుంచి వినపడింది! తలుపు లాగి చూద్దును గదా, కళ్ళజోడు అవ్వ మెట్టు మీద కూర్చుని నవ్వుతోంది. నాలుగేళ్ళుగా అక్కడే కూర్చుంటుంది. ఎంత వినయమో అనుకుని మూడుసార్లు ప్రసంగంలో మెచ్చుకున్నాను కూడా.

"అవ్వా, లోపలికి రాకుండా ఇక్కడే ఎందుకు కూర్చుంటావ్?" అన్నాను.

"వినయమూ లేదు, నీ మొహమూ లేదు! నీ తలుపు నాకు కదలదు నాయనా. రెండుసార్లు తోశాను, భుజం పట్టేసింది. ఇక్కడ గాలి కూడా బాగుంటుందని కూర్చున్నాను" అంది.

పక్కన కాబోయే అల్లుడు నెత్తి గోక్కుంటున్నాడు. "ఏంటయ్యా?" అన్నాను. "పిడి బందు దగ్గరుంది మామయ్యగారూ. మొదటిరోజే చూశాను. మీతో ఎందుకులే అని..." అన్నాడు.

నాతో ఎందుకులే! ఆ మాట ముల్లులా దిగింది చెల్లీ. డెబ్బై మంది పదకొండు ఎందుకయ్యారో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

మెట్టు ఎత్తు ఆరంగుళాలు. మూడు మెట్లు. ఎందుకడిగావు?

నీ అన్నయ్య

*

చక్రాల షెడ్డు,
బుధవారం

అన్నయ్యా,

నవ్వీ నవ్వీ స్పానరు కిందపడేశాను. కళ్ళజోడు అవ్వ చేతులకి నా తరఫున ముద్దు పెట్టు. మేస్త్రీకి పప్పు వండి పంపమని వదినకి చెప్పు.

తలుపు సంగతి విను. బందు దగ్గర వేలు పెట్టి తలుపు తొయ్యి. ఏనుగే. ఇప్పుడు అదే వేలు అటు చివర అంచు మీద పెట్టి తొయ్యి. పిల్లి. తలుపు బరువు మారలేదు, నువ్వు తోసే చోటు మారింది. బందుకి ఎంత దూరంలో తోస్తే అంత తక్కువ బలం చాలు. ఆ పిడి ఊడదీసి అంచుకి వేయించు. బందుల్లో తుప్పు గీకి నూనె పొయ్యి. తలుపు అడుగు నేలకి రాసుకుంటుంటే అల్లుడి చేత చిత్రిక పట్టించు. పాపం, వాడు చేతులు నలుపుకుంటూ ఎన్నాళ్ళు ఉంటాడు!

బయటి మెట్లకీ వీధికీ మధ్య జాగా ఎంత? మెట్ల పక్కన గోడ ఉందా, ఖాళీనా? మెట్టు ఎత్తు సరిగ్గా ఆరేనా, టేపు పెట్టి కొలిచావా?

పిడుగు ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, అందులో మూడు తిట్లు. నా పెంపకమే. అయినా రాలేనన్నయ్యా. కారణం అడక్కు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

నీ చెల్లి

*

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి,
మంగళవారం

చెల్లీ,

పిడి మారింది. అవ్వ చిటికెన వేలితో తలుపు తోసి, తనే అదిరిపడి, మళ్ళీ మూసి, మళ్ళీ తోసి, "ఇంకోసారి, ఇంకోసారి" అని చిన్నపిల్లలా పదిసార్లు తోసింది. మేమందరం నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ ఆదివారం ఇరవై ఆరుగురు. ఈ ఆదివారం నలభై. వదిన అంటోంది: "ఇన్నాళ్ళూ మీ గొంతుకి పారిపోయారనుకున్నాను. తలుపుకా!"

ఇక కారణం అడుగుతున్నాను. అడగొద్దన్నావు గనకే అడుగుతున్నాను.

నీ ఉత్తరాలు రెండూ భోజనాల బల్ల మీద పెట్టి పిడుగుకి చదివి వినిపించాను. అది చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "నాన్నా, అత్త మెట్ల ఎత్తు రెండుసార్లు అడిగింది. పక్కన గోడుందా అని అడిగింది. నడిచే మనిషి మెట్లు కొలవదు నాన్నా. చక్రాల మీద వచ్చే మనిషే కొలుస్తుంది" అంది.

నా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాను. కలం తీసుకున్నాను.

చెల్లీ, నీ కాళ్ళకి ఏమైంది? ఎప్పుడైంది? నాకెందుకు చెప్పలేదు? నేను నీ అన్నని కానా?

అన్నయ్య

*

చక్రాల షెడ్డు,
ఆదివారం ఉదయం

అన్నయ్యా,

పిడుగుకి నేను సైకిలే కాదు, లెక్కలు కూడా బాగానే నేర్పాను.

రెండేళ్ళయింది. షెడ్డు ముందు చిన్న వాలు ఉందిగా. మందుల పెట్టెలు నింపిన ట్రాలీ ఒకటి దాని మీద నిలబెట్టి, కింద నిలబడి చక్రం చూస్తున్నాను. చక్రం కింద పెట్టే ఆపు చెక్క పెట్టడం మర్చిపోయాను. ఊరందరికీ "చెక్క పెట్టండి, చెక్క పెట్టండి" అని చెప్పే చక్రాలమ్మని, నేనే మర్చిపోయాను. వాలు మీద ఉన్నదాన్ని ఎవరూ తొయ్యక్కర్లేదు, భూమే లాగుతుంది. ట్రాలీ వచ్చి నా మీద పడింది. నువ్వు పీఠం మీద అడిగిన ప్రశ్నకి జవాబు నా కాళ్ళ మీదే ఉంది చూడు.

భయపడకు. బాగున్నాను. నిజంగా బాగున్నాను. రెండు కాళ్ళూ ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, నిలబడమంటే మాత్రం వినవు. చక్రాల కుర్చీ నాకు నేనే బాగుచేసుకున్నాను. బేరింగులు మార్చాను. ఒక్క తోపుకి షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి పోతాను. వ్యాను డ్రైవరు దానికి "గుర్రం" అని పేరు పెట్టాడు. బల్లలన్నీ ఎత్తు తగ్గించుకున్నాను. పని అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

మరి ఎందుకు చెప్పలేదంటే, నిన్ను చూసి భయపడి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి తగ్గింది, గుర్తుందా? అప్పుడే నువ్వు కొత్తగా బోధ మొదలుపెట్టావు. ఆరేళ్ళపాటు ప్రతి వీధిలో నన్ను పక్కన నిలబెట్టి నా జ్వరం కథ చెప్పావు. ఏడాదికో డిగ్రీ చొప్పున జ్వరం పెరిగేది. నన్నెవరూ పేరుతో పిలవలేదు, "జ్వరం పాప" అనేవారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి నుదురు ముట్టుకునేవారు. నీ మీద నాకు కోపం లేదన్నయ్యా. కానీ మళ్ళీ ఒక సాక్ష్యంగా బతకలేను. నేను పెళ్ళికి వచ్చిన మేనత్తగా ఉండాలి, ప్రసంగంగా కాదు.

ఇంకొకటి. నన్నెవరూ ఎత్తకూడదు. నలుగురు మగాళ్ళు కుర్చీతో సహా బస్తాలా ఎత్తుకెళ్ళి పెట్టడం నాకొద్దు. వస్తే నా చేతులతో చక్రం తిప్పుకుని రావాలి. మూడు మెట్లు అలా రానివ్వవు. అందుకే రాలేనన్నాను.

మెట్ల బదులు వాలు కట్టొచ్చు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మీది పద్దెనిమిది అంగుళాలు, అంటే పద్దెనిమిది అడుగులు. అంత జాగా మీ ముంగిట్లో ఉండదు. కాబట్టి వదిలెయ్. పిడుగుకి మెల్లగా చెప్పు.

నీ చెల్లి

*

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి,
శనివారం

చెల్లీ,

ముందు ఒక మాట. జ్వరానికి క్షమించు. అది నూట రెండే. నూట ఎనిమిది దాకా తీసుకెళ్ళింది నేనే.

రెండో మాట. మాటిస్తున్నాను: పీఠం మీద నీ గురించి ఒక్క అక్షరం పలకను. పోయిన ఆదివారం ఎంత కష్టమైందో నీకు తెలీదు. వాక్యం తెరిస్తే ఏ భాగం వచ్చిందనుకున్నావ్? నడవలేని స్నేహితుణ్ణి నలుగురు మోసుకొచ్చి, గుమ్మంలో జనం దారి ఇవ్వకపోతే ఇంటి కప్పు విప్పి లోపలికి దించిన కథ! నాలుక చివరిదాకా వచ్చింది. తడి చెక్క మీద దిమ్మ. పిడుగు ముందు వరసలో కూర్చుని వేలు చూపించింది. పళ్ళు బిగించి, నోరు మూసుకుని, నిమిషం పాటు నిలబడ్డాను. అవ్వ "నాయనకి గుండెనొప్పా?" అని పక్కవాళ్ళనడిగింది. చివరికి ఒకటే అన్నాను: "ఒక్క మనిషి కోసం వాళ్ళు కప్పు పీకారు. మనం మూడు మెట్లు పీకలేమా?" ఎవరికోసం అని ఎవరూ అడగలేదు. సుత్తులు తెచ్చారు!

మొదట నా తొందర కొద్దీ ఆరడుగుల వాలు కట్టించాను. అల్లుడు "మామయ్యగారూ, పద్దెనిమిది..." అని నసిగాడు. "విశ్వాసం ఉంటే ఆరు చాలు" అన్నాను. పరీక్షించడానికి ఐసు దిమ్మ ఒకటి పైన పెట్టాను. పెట్టీ పెట్టగానే అది వాలు దిగి, వీధి దాటి, ఎదురుగా సెలూన్‌లో దూరింది. సగం గడ్డంతో ఉన్న మనిషి రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో ముడుచుకున్నాడు. సెలూన్ ఆయన కత్తి పట్టుకుని బయటికొచ్చి, "బోధకుడుగారూ, నన్ను మార్చాలనుకుంటే కరపత్రం ఇవ్వొచ్చుగా, ఇలా పంపుతారా?" అన్నాడు.

అల్లుడు టేపు తెచ్చి నా చేతిలో పెట్టాడు, అంతే.

ఇప్పుడు పద్దెనిమిది అడుగులే. ముంగిలి పదకొండే కాబట్టి తొమ్మిది అటు, మధ్యలో కుర్చీ తిరగడానికి చదును, తొమ్మిది ఇటు. సెలూన్ ఆయనే ఇటుకలు మోశాడు. మేస్త్రీ సిమెంటు కలిపాడు. పైన నున్నగా చెక్కలు పరిచి, నీ గౌరవం కోసం నేనే రెండు పూటలు కూర్చుని మైనం రుద్దాను. అద్దంలా మెరుస్తోంది! అందులో మొహం చూసుకోవచ్చు!

పెళ్ళి వచ్చే శనివారం. రా.

అన్నయ్య

*

చక్రాల షెడ్డు,
సోమవారం

అన్నయ్యా,

మైనమా! గీకెయ్! చదవడం ఆపి ముందు గీకెయ్!

నున్నటి వాలు మీద నా చక్రం పైకి ఎక్కదు, కిందికి జారుతుంది. రాపిడి శత్రువని నేనెప్పుడు చెప్పాను? గోళీకి అడ్డం, చక్రానికి ఆధారం. నేలని పట్టుకోకపోతే చక్రం ఎక్కడ కాలూనుతుంది? మైనమంతా గీకి, రంగు వేసి, రంగు తడిగా ఉండగానే సన్నటి ఇసుక చల్లించు. అంచులకి పట్టీ కొట్టించు, చక్రం పక్కకి పోకుండా.

నువ్వు నిమిషం పాటు నోరు మూసుకుని నిలబడ్డావన్న చోట ఉత్తరం కిందపెట్టేశాను. నాకోసం నువ్వు చేసిన పనులన్నిట్లో అదే పెద్దదన్నయ్యా. పద్దెనిమిది అడుగుల కంటే.

అయినా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మెట్లు అడ్డం కావు, తలుపు అడ్డం కాదు. అన్నీ తీసేశావు, సాకులు కూడా. మిగిలింది నేనే. రెండేళ్ళుగా ఈ షెడ్డు దాటి వెళ్ళలేదు. ఇక్కడ ప్రతి గచ్చూ, ప్రతి గుంటా నాకు తెలుసు. అక్కడ వంద మంది తలలు ఒక్కసారి తిరుగుతాయి. కొత్త వాలు. కొత్త గుమ్మం. ఏదో ఒకటి మీరు చూడనిది ఉంటుంది. అందరి ముందు అక్కడ చిక్కుకుపోతే?

పెళ్ళయ్యాక, జనం లేనప్పుడు, ఒక నెల ఆగి వస్తాను. ఇదే మంచిది. పిడుగుకి చెప్పు, అత్త మనసంతా అక్కడే ఉంటుందని.

నీ చెల్లి

*

మందిరం ముందు, వాలు మీద కూర్చుని,
బుధవారం సాయంత్రం

చెల్లీ,

మైనం గీకాం. ఇసుక చల్లాం. పట్టీలు కొట్టాం. అవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతి విను.

"మీరు చూడనిది ఏదో ఉంటుంది" అన్నావు. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. కాదు, కూర్చోబెట్టింది! నిన్న ఆస్పత్రికి వెళ్ళి ఒక చక్రాల కుర్చీ అడిగి తెచ్చుకున్నాను. వీధిలో కూర్చున్నాను. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. నా చేతులతో ఎక్కాను. ఐసు దిమ్మలు తోసే చేతులు చెల్లీ, తొమ్మిది అడుగులకే మండాయి. చదును మీద తిరగబోయి గోడకి గుద్దుకున్నాను. పిడుగు నవ్వి నవ్వి నేల మీద కూర్చుంది. రెండో తొమ్మిది అడుగులు ఎక్కాను. తలుపు అంచు మీద వేలు పెట్టాను. తెరుచుకుంది. తోశాను.

ఆగిపోయాను.

గడప! రెండంగుళాల గడప! పదహారేళ్ళుగా రోజూ దాటుతున్నాను, అది ఉందని నా కాళ్ళకి తెలియనే తెలియదు. ముందు చక్రాలు దానికి తగిలి నిలబడ్డాయి. ఎంత తోసినా కదలవు. వెనక్కి పోదామంటే వాలు. వీధంతా చూస్తోంది. సెలూన్ ఆయన, మేస్త్రీ, అవ్వ, అందరూ చూస్తున్నారు. నీ భయమేమిటో నాకు అక్కడ తెలిసింది. వినడం వల్ల కాదు, ఇరుక్కోవడం వల్ల.

ఆ గడప మీద ఏముందో నీకు తెలీదు. మందిరం కట్టిన ఏడాది నేనే ఉలితో నెల రోజులు చెక్కాను: "ప్రయాసపడి లోపలికి రండి." నా గర్వం అది. అడుగుపెట్టే ప్రతివాడూ దాన్ని చదవాలని చెక్కాను. గుడ్డివాడి దారిలో అడ్డురాయి వెయ్యొద్దని వాక్యం చెబుతుంటే, ఆ వాక్యం చెప్పే ఇంటి గుమ్మంలో నా అక్షరాలే అడ్డురాయి!

కుర్చీలోంచే చెయ్యి చాపాను. "అల్లుడూ, రంపం" అన్నాను. వాడు ఈసారి నసగలేదు. నా చేతులతో నేనే కోశాను. కొయ్యడం అయ్యాక కుర్చీలో కూర్చుని ఒక్క తోపు తోశాను చెల్లీ, ఒకే ఒక్క తోపు. గుమ్మం దాటి, రెండు వరసల బెంచీల మధ్యగా, పీఠం దాకా పోయాను. ఎర్ర గోళీ అద్దం మీద పోయినట్టు. ఆపేవాళ్ళు లేరు! "అటు పక్క ఆపండి!" అని అలవాటుగా అరిచాను. అందరూ పరిగెత్తుకొచ్చారు, ఎవరూ ఆపలేదు, అందరూ నవ్వుతున్నారు. అలా నలభైసార్లు ఎక్కి దిగాను. భుజాలు లేవట్లేదు. ఈ ఉత్తరం అక్షరాలు అందుకే వంకరగా ఉన్నాయి.

కోసిన గడప చెక్కలోంచి అల్లుడి చేత ఒక ముక్క చేయించాను. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన. ఆపు చెక్క. నువ్వు ఆ రోజు మర్చిపోయినది. ఈ ఉత్తరంతో పాటు నీ చేతికొస్తుంది, తిప్పి చూడు. చెక్కిన వాక్యంలో చివరి మాట ఒక్కటే దాని మీద మిగిలింది: "రండి."

"ప్రయాసపడి" అన్నది పొయ్యిలోకి పోయింది. వదిన దాంతో కాచిన టీ తాగాం.

ఆగినదాన్ని కదపాలన్నా బలం కావాలని నువ్వే రాశావు. మొదటి తోపుకే బలమంతా కావాలి. తర్వాత దానంతట అదే పోతుంది. రెండేళ్ళ ఆగుడికి నెల రోజులు కలిపితే తోపు తేలికవుతుందా? వెంట్రుకో, దారమో, ఏదో చక్రాన్ని పట్టుకుని ఉంది. తీసెయ్యి.

ఈ ఉత్తరం నీకిచ్చింది పోస్టుమాన్ కాదని ఈపాటికి గమనించే ఉంటావు. నీ వ్యాను డ్రైవరు ప్రతి బుధవారం ఆస్పత్రికి ఐసు కోసం మా ఫ్యాక్టరీకే వస్తాడట! ఇన్నేళ్ళూ ఆయన వ్యానులోకి దిమ్మలు తోసింది నేనేనట! నీ షెడ్డు మాట రాగానే "మీరు అక్కకి అన్నయ్యా?" అన్నాడు. ఇద్దరం తడి నేల మీద నిలబడి వెర్రివాళ్ళలా నవ్వుకున్నాం. వ్యానులో నీ గుర్రాన్ని బిగించే పట్టీలు ఉన్నాయి, ఎక్కడానికి పలక ఉంది. ఇసుక అంటించాను, నేనే చూశాను. పిడుగు వాలు కింద నిలబడి ఉంటుంది. ముట్టుకోదు. పట్టుకున్నట్టే ఉండి వదిలేస్తుంది, నీ దగ్గర నేర్చుకున్నట్టే.

నువ్విది చదివేది గురువారం. పెళ్ళి ఎల్లుండి. తలెత్తి చూడు, వ్యాను నీ షెడ్డు ముందే ఉంది, ఇంజను ఆపనని నాకు మాటిచ్చాడు. రేపనకు. గ్రీజు చేతులు కడుక్కోకు. కాగితం మడిచెయ్, ఆ చెక్క ఒళ్ళో పెట్టుకో, బ్రేకు తీసి ఒక్క తోపు తొయ్యి.

ఇవాళే. ఇప్పుడే.

నీ అన్నయ్య